రేవు పోసిన ఇసుక, రేవు తిన్న ఇసుక

విశాఖ ఆర్కే బీచి గురించి ఎవరు రాసినా ముందు అక్కడ కట్టినవాటి పేర్లే వరసపెడతారు. కాళీమాత గుడి, 1996లో వెలసిన యుద్ధస్మారకం, 2002లో ఒడ్డెక్కిన కుర్సురా జలాంతర్గామి, 2017 డిసెంబరులో దానికెదురుగా చేరిన టీయూ-142 విమానం, వుడా పార్కు, అందులో స్కేటింగ్ రింకు, రోడ్డు పొడవునా విగ్రహాలు. ప్రతిదానికీ ప్రారంభోత్సవ ఫలకం ఉంది, ఫలకం మీద తేదీ, పేరు ఉన్నాయి. ఫలకం లేనిది ఇసుక ఒక్కటే. ఆదివారం సాయంత్రం జనం వచ్చేది మాత్రం దానికోసమే. జలాంతర్గామికి టిక్కెట్టు కావాలి, ఇసుకకు అక్కర్లేదు. మురీ మిక్చర్ పొట్లం కొనుక్కుని నలుగురు పిల్లలతో మూడు గంటలు కూర్చోగలిగే చోటు ఇంత పెద్ద ఊళ్లో ఇంకెక్కడుంది? అందుకని ఈ బీచి చరిత్ర ఇసుక చరిత్రే అనుకుని చదివితే కథ వేరే చోట మొదలవుతుంది. అది పురపాలకుల ఫైళ్లలో కాక రేవు ఇంజనీర్ల లెక్కల్లో కనిపిస్తుంది. ఈ బీచిని ప్రకృతి ఇచ్చిన వరంగా చూడటమే దాన్ని ఏలేవాళ్లు ఇన్నాళ్లూ చేస్తున్న పొరపాటని ఈ వ్యాసం వాదన. కనీసం 90 ఏళ్లుగా అది మనిషి చేతిలో ఉన్న వస్తువు.

ఒడ్డున ఉన్న ఇసుక ఉన్నచోటే ఉండదు. నైరుతి గాలి వీచే నెలల్లో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డును కొడతాయి. వచ్చేటప్పుడు ఇసుక రేణువును ఏటవాలుగా పైకి నెడతాయి, వెనక్కి పోయేటప్పుడు వాలు వెంట తిన్నగా దించుతాయి. ఒక్కో అలకు రేణువు ఒక్క అడుగు ఉత్తరానికి జరిగినా, ఆ లెక్కన సీజనంతా కలిపితే లక్షల ఘనపు మీటర్లవుతుంది. ఈశాన్య గాలుల కాలంలో ఈ నడక తిరగబడుతుంది కానీ అంత బలంగా ఉండదు. ఏడాది మొత్తం మీద చూస్తే మన తూర్పు తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికే పోతుంది. ఈ దారికి అడ్డంగా సముద్రంలోకి ఒక రాళ్లకట్ట కడితే దక్షిణాన మేట పడుతుంది, ఉత్తరాన కోత పడుతుంది. కాలువకు ఎగువన లాకు వేస్తే దిగువ పొలం ఎండటం లాంటిదే ఇది.

ఈ సంగతి మద్రాసు ముందు నేర్చుకుంది. 1953 దాకా తెలుగువాళ్లకూ అదే రాజధాని కనుక ఆ అనుభవం మనకు పరాయిది కాదు. 1875 డిసెంబరులో వేల్స్ యువరాజు అక్కడ కొత్త రేవుకు శంకుస్థాపన చేశాడు. సముద్రంలోకి చాచిన రెండు గోడలు లేస్తుండగానే దక్షిణ గోడ పక్కన ఇసుక చేరడం మొదలైంది. 1881 నవంబరు తుపాను ఆ గోడల్ని చిందరవందర చేసింది కానీ మేట ఆగలేదు. అదే ఏడాది గవర్నరుగా వచ్చిన గ్రాంట్ డఫ్ 1884లో ఒడ్డు వెంట షికారు బాట వేయించి దానికి మెరీనా అని పేరు పెట్టాడు. ఘనతంతా ఆయన ఖాతాలో పడింది. నిజానికి ఆయన వేయించింది బాట. బాటకూ నీటికీ మధ్య ఇవాళ సగటున 300 మీటర్ల వెడల్పున పరుచుకున్న ఇసుకను పోసింది రేవు, అదీ ఎవరూ అడగకుండానే. రేవుకు ఉత్తరాన ఉన్న రాయపురానికి జరిగింది దీనికి తిరగేసిన కథ. ఆగిపోయిన ఇసుక అక్కడికి చేరక సముద్రం లోపలికొచ్చింది, ఇళ్లు పోయాయి, వీధులు పోయాయి, చివరికి రాళ్ల గోడే ఒడ్డయింది. 20వ శతాబ్దం మొదట్లో మద్రాసు రేవును నడిపిన సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఈ ఇసుక నడకను ఏళ్ల తరబడి కొలిచి రాసిపెట్టాడు. రేవు ముఖద్వారాన్ని తూర్పు నుంచి ఈశాన్యానికి మార్చడం కూడా ఆయన హయాం పనే. కాబట్టి విశాఖ రేవు కట్టేనాటికి ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు.

తెలుసు కూడా. 1933 అక్టోబరులో మొదటి ఓడ లోపలికొచ్చిన విశాఖ రేవు ఉప్పుటేరు లోపల తవ్విన రేవు. దాని నోరు డాల్ఫిన్ నోస్ కొండ కిందుగా సముద్రంలోకి తెరుచుకుంటుంది. కొండ చుట్టి వచ్చే ఇసుక ఆ నోట్లో పడి పూడ్చేయకుండా ఇంజనీర్లు రెండు పాత ఓడల్ని కావాలని ముంచి అడ్డుకట్టగా పెట్టారు. వాటి వెనక చేరిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడేవాళ్లు. 1976లో పెద్ద ఓడల కోసం ఔటర్ హార్బరు వచ్చాక దక్షిణ బ్రేక్‌వాటర్ ఒక్కటే ఒకటిన్నర కిలోమీటరు పొడవున సముద్రంలోకి పోయింది. ఇక్కడ మద్రాసుకూ విశాఖకూ తేడా ఒక్క దిక్కులోనే ఉంది. మద్రాసులో ఊరి షికారు ఒడ్డు రేవుకు దక్షిణాన పడింది, విశాఖలో ఉత్తరాన పడింది. మెరీనాను పెంచిన సూత్రమే ఆర్కే బీచిని తింటోంది. మెరీనా అంత వెడల్పు మనకెందుకు లేదని విశాఖవాళ్లు ఎప్పుడైనా అనుకుంటే జవాబు అందచందాల్లో దొరకదు, పటంలో రేవు ఎటుందో చూస్తే దొరుకుతుంది.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం తుపాన్లు. ఒడ్డును కోసేది తుపాను, నింద రేవు మీద వేయడమేమిటని. అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సరిగ్గా విశాఖ దగ్గరే తీరం దాటింది, బీచి రోడ్డు ఏమైందో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. రేవు లేని తీరాన్నీ తుపాను కోస్తుంది. అయితే కోసిన ఇసుక ఎక్కడికి పోతుందన్నది అసలు ప్రశ్న. 1950ల్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లఫాండ్, ఇక్కడి భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి. మహాదేవన్, వాళ్ల శిష్యులు వాల్తేరు ఒడ్డున ఇసుక మట్టాన్ని నెలల తరబడి కొలిచారు. ఒడ్డు ఒక రుతువులో దిగుతుంది, ఇంకో రుతువులో తిరిగి లేస్తుంది. దిగిన ఇసుక చాలామటుకు దగ్గర లోతుల్లోనే ఆగి, అలలు నెమ్మదించాక వెనక్కొస్తుంది. తుపాను దెబ్బ కూడా అంతే, దక్షిణం నుంచి కొత్త ఇసుక వస్తూ ఉన్నంతకాలం మానుతుంది. రాబడి ఆగిన ఒడ్డుకు మాత్రం గాయం మానక ముందే రెండో గాయం తగులుతుంది. 2021 డిసెంబరులో జవాద్ తుపాను విశాఖ మీదికి రానే లేదు, బలం తగ్గి ఒడిశా వైపు పోయింది. అయినా బీచి రోడ్డులోని కోస్టల్ బ్యాటరీ పక్కన పిల్లల పార్కు గోడ కూలి, నేల కుంగింది. దూరంగా పోయిన తుపానుకే పార్కు కూలిందంటే దాని ముందు ఉండాల్సిన ఇసుక అప్పటికే లేదన్నమాట.

రెండో అభ్యంతరం మరింత బరువైనది. రేవు లేకపోతే విశాఖ ఎక్కడ, ఈ బీచి షికారు ఎక్కడ? రేవు, దాని వెంట వచ్చిన నౌకాదళం, షిప్‌యార్డు, ఉక్కు కర్మాగారం కలిసి చేసిన ఊరిది. బీచిలో సాయంత్రం నడిచేవాళ్లలో చాలామంది ఆ జీతాల మీద బతికినవాళ్లో, వాళ్ల పిల్లలో. ఒప్పుకోవాల్సిందే. రేవు కట్టడం తప్పని ఇక్కడ అనడం లేదు. కట్టినవాళ్లు కూడా బాకీ ఉందని మొదటి నుంచీ ఒప్పుకున్నారు. ఔటర్ హార్బరు బ్రేక్‌వాటర్ పక్కన ఇసుక గుంత ఒకటి తవ్వి, అందులో పడ్డదాన్ని తోడి ఉత్తరం ఒడ్డున పోయాలన్న ఏర్పాటు ఆ బాకీ పత్రమే. గొట్టంలోంచి బూడిదరంగు నీళ్లు, గవ్వముక్కలు, ఇసుక కలిసి చిమ్ముతుంటే ఊరివాళ్లు దాన్ని మురుగనుకుంటారు. రెండు పోట్లు గడిచాక నీరు ఇంకి, ఎండి, అదే బీచవుతుంది. పోయడం తప్పిన ఏడు ఒడ్డు చూస్తే ఇంకో రకం ఆనవాలు కనిపిస్తుంది. తేలికైన తెల్లరేణువుల్ని అలలు ఎత్తుకుపోగా ఇల్మనైటు, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు మిగిలి, ఇసుక మీద నల్లగా, అక్కడక్కడా ఎర్రగా చారలు తేలతాయి. జనం కాటుక ఇసుకని ముచ్చటపడి ఫోటోలు తీసుకుంటారు. అది ఒడ్డు అరిగిందని చెప్పే గుర్తు.

ఇక వినోద సదుపాయాల సంగతి. కుర్సురాను ఒడ్డుకు లాగి నిలబెట్టడం సాహసమే, పిల్లలు ఆ ఇరుకు గదుల్లోంచి కళ్లు పెద్దవి చేసుకుని బయటికి రావడం ఎవరికైనా ముచ్చటే. కానీ 91 మీటర్ల ఇనుము ఒడ్డున పెట్టాక దాన్ని కాపాడటానికి గోడ, గోడను కాపాడటానికి రాళ్లు తప్పవు. పార్కు ప్రహరీలది, కొత్త ఫుడ్‌కోర్టులదీ అదే దారి. రాళ్లు వేస్తే రోడ్డు నిలుస్తుంది కదా అంటారు. నిలుస్తుంది. రాళ్లను కొట్టిన అల మాత్రం ఇసుక ఒడ్డు మీదకంటే బలంగా వెనక్కి మళ్లి, ముందున్న ఇసుకను తవ్వుకుపోతుంది. టిక్కెట్టు పెట్టినదాన్ని కాపాడుకోవడానికి టిక్కెట్టు లేనిదాన్ని పోగొట్టుకునే బేరమిది. ఈ బేరంలో నష్టపోయేవాళ్లు ఎవరో కూడా తెలుసు. ఫుడ్‌కోర్టుకు వెళ్లలేనివాళ్లు, ఇసుక మీద తోపుడుబండి పెట్టుకునేవాళ్లు, పడవను ఒడ్డుకు లాగి అలివి వల పరిచి ఆరబెట్టుకునే జాలర్లు. బీచి సదుపాయాల పట్టికలో జాలరి పడవ ఉండదు కానీ, ఆ ఒడ్డును అందరికంటే ముందు నుంచి వాడుకుంటున్నది వాళ్లే.

చివరికి మిగిలే అభ్యంతరం ఖర్చు. ఏటా ఇసుక పోయడం సముద్రంలో డబ్బు పోయడమే, దానికంటే ఒడ్డుకు అడ్డంగా వరసగా రాతి గ్రోయిన్లు కట్టేస్తే ఒక్కసారితో పోతుందన్న మాట కోత పడ్డ ప్రతిసారీ వినిపిస్తుంది. ఆ ప్రయోగమూ మద్రాసు ఉత్తర తీరంలో జరిగింది. రాయపురం నుంచి ఎన్నూరు దారిలో గ్రోయిన్లు కట్టారు, వాటి మధ్య ఇసుక నిలిచింది, రోడ్డు బాగుపడింది, కోత మాత్రం చివరి గ్రోయిను దాటి ఉత్తరానికి జరిగింది. విశాఖలో కోస్టల్ బ్యాటరీ దగ్గర గ్రోయిన్లు పాతితే పిల్లల పార్కుకు, జలాంతర్గామికి కొన్నేళ్లు నిశ్చింత. ఆ తర్వాత ఇసుక అందనిది పెదజాలరిపేటకు, దాన్ని దాటితే లాసన్స్ బేకు. డ్రెడ్జర్ ఖర్చు రేవు పద్దులో కనిపిస్తుంది కనుక అందరూ అడుగుతారు. పడవ లాగడానికి ఒడ్డు లేక ఫిషింగ్ హార్బరుకు అద్దె కట్టుకుని పోయే జాలరి ఖర్చు ఏ పద్దులోనూ రాదు కనుక గ్రోయిను చవగ్గా కనిపిస్తుంది.