ప్రాచీన చీనాదేశమున చతుర్విధ ప్రజలు

చీనాదేశపు పూర్వగ్రంథములు ప్రజలను నాలుగు తెగలుగా విభజించినవి. 'షి' యనగా విద్వాంసులు, 'నొంగ్' కర్షకులు, 'గొంగ్' శిల్పులు, 'షాంగ్' వర్తకులు. ఇది వృత్తినిబట్టి యేర్పడిన విభాగము. కొడుకు తండ్రి వృత్తినే యవలంబింపవలెనని 'గ్వాన్‌జీ' యను గ్రంథము విధించినను, ఆ కట్టుబాటు దేశమంతటను నిలువలేదు.

ఈ వరుసయే గౌరవక్రమమని సాధారణముగా చెప్పుదురు. కాని గ్రంథములన్నియు నీ క్రమమును పాటింపలేదు. గ్వాన్‌జీలో విద్వాంసుడు మొదటను, వర్తకుడు తుదను గలరు. 'గూలియాంగ్' వ్యాఖ్యానమున వర్తకుడు కర్షకునికంటె ముందే నిలిచియున్నాడు. 'షి' శబ్దార్థము సైతము మాఱినది. జౌ వంశపు తొలినాళ్లలో అది యుద్ధవృత్తిగల చిన్న ప్రభువులకు చెల్లెను. పిమ్మట సామంతరాజ్యములు పరస్పరము పోరాడిన కాలమున, విద్యచే రాజులను సేవించువారికి వర్తించెను.

క్రమమును శాసనముచే నిలుపుటకు తొలుత పూనుకొన్నవారిలో ఛిన్ రాజ్యపు మంత్రియగు షాంగ్ యాంగ్ ముఖ్యుడు. క్రీ. పూ. 356 మొదలు అతడు చేసిన సంస్కరణములచే యుద్ధమున పరాక్రమము చూపినవారికి బిరుదులును, ధాన్యమును పట్టును విరివిగా పండించి నేసినవారికి వెట్టినుండి విముక్తియు లభించెను. తరువాత హాన్ వంశస్థాపకుడగు లియు బాంగ్, వర్తకులు పట్టుబట్టలు కట్టరాదనియు, బండ్లెక్కరాదనియు శాసించి, వారిపై పన్నులు పెంచెను.

ఫలమెట్లుండెనో క్రీ. పూ. 168 ప్రాంతమున ఛావ్ త్సో వెన్ చక్రవర్తికి సమర్పించిన విజ్ఞాపనమువలన తెలియుచున్నది. ఐదుగురు గల కర్షకకుటుంబమున ఇద్దరికి తక్కువగాక రాజకార్యమునకు వెట్టిచేయుదురు. వారు సాగుచేయగల భూమి 100 మూలకు మించదు. పంట 100 దాన్‌ల ధాన్యమునకు మించదు. అకాలమున పన్ను వచ్చిపడగా, ఉన్నవారు సగము వెలకు పంట నమ్ముదురు; లేనివారు రెట్టింపు వడ్డీకి అప్పుచేయుదురు. తుదకు పొలమును, ఇంటిని, బిడ్డలను సైతము అమ్ముకొందురు. వర్తకులో, దున్నకయే తిని, నేయకయే కట్టుదురు. శాసనము గౌరవించిన కర్షకుడు దరిద్రుడు. శాసనము నీచపఱచిన వర్తకుడు ధనవంతుడు. ధాన్యమిచ్చినవారికి బిరుదులిమ్మని ఛావ్ త్సో చేసిన సూచనను చక్రవర్తి యంగీకరించెను. దానితో బిరుదము సైతము ధనముచే కొనదగిన వస్తువయ్యెను. కొంతకాలమునకు వూ చక్రవర్తి యుప్పు, ఇనుము వ్యాపారములను రాజ్యాధీనము గావించినపుడు, ఆ కార్యమును నడపినవారిలో అగ్రగణ్యుడగు సాంగ్ హొంగ్‌యాంగ్ లోయాంగ్ నగరపు వర్తకుని కుమారుడే.

ఈ నాలుగు తెగలలో దేనను చేరనివారును గలరు. 1975లో హూబే రాష్ట్రమున షుయ్‌హూదీయొద్ద ఛిన్ కాలపు ఉద్యోగి సమాధిలో వేయికి పైగా వెదురుపలకలు దొరకినవి. వానిలోని శాసనములు రాజ్యమునకు దాస్యముచేయువారికి నెలకొలది ధాన్యమును నిర్ణయించినవి: పురుషునకు 2 దాన్‌లు, స్త్రీకి ఒకటిన్నర. గ్రంథములు పేర్కొనని యీ జనమును లెక్కల పలకలు పేర్కొన్నవి.

కావున చతుర్విధ విభాగము విద్వాంసులు కోరిన సంఘమునకే గాని, ఉన్న సంఘమునకు ప్రతిబింబము గాదు. అందు రెండవ స్థానమున నిలిపిన కర్షకుడు ఋణబాధచే బిడ్డల నమ్మినపుడు, ఆ బిడ్డలు చేరినది పేరులేని యీ యైదవ తెగలోనే.