తెడ్డు పట్టిన చేతులు
(రేడియో ప్రసంగ పాఠం)



పిల్లవాణ్ణి బడికి పంపేటప్పుడు మనం ఏమని చెబుతాం? "బాగా చదువుకో నాయనా" అంటాం. "బాగా తెడ్డు వెయ్యి నాయనా, బాగా బురద ఎత్తు నాయనా" అని ఏ తల్లీ చెప్పదు. నేను చిన్నప్పుడు ఒక మిషన్ బోర్డింగులో చదువుకున్నాను. తెల్లవారుజామున గంట కొట్టేవారు. ప్రార్థన అయ్యాక నీళ్లు తోడడం, ఆవరణ ఊడ్వడం, తోటలో పాదులు తవ్వడం, వంతుల ప్రకారం గిన్నెలు తోమడం. అవన్నీ అప్పుడు మాకు శిక్షల్లాగే ఉండేవి. బడిలో చదువుకు ఎంత చోటుందో పనికీ అంత చోటు ఎందుకిచ్చారో అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. చాలా ఏళ్ల తరువాత కాశ్మీరు దేశంలోని ఒక మగపిల్లల బడి చరిత్ర చదివినప్పుడు ఆ సంగతి కొంత అర్థమైంది. ఈ వేళ ఆ బడి గురించి మాట్లాడుకుందాం.

శ్రీనగరు పట్టణం జీలం నదికి రెండు వైపులా ఉంటుంది. నది మీద వంతెనలు, పట్టణమంతా కాలువలు, పక్కనే దాల్ సరస్సు. పూర్వం ఆ ఊళ్లో బండి కంటే పడవ ముఖ్యం. ఆ పట్టణంలో 1880లో చర్చి మిషనరీ సొసైటీవారు మగపిల్లలకు ఒక చిన్న బడి పెట్టారు. మన మచిలీపట్నంలో 1843లో నోబుల్ దొరగారు బడి పెట్టింది కూడా ఈ సొసైటీ తరఫునే. అక్కడ నోబుల్ గారు పై కులాల పిల్లల మీద గురిపెట్టినట్టే, శ్రీనగరు బడికి వచ్చినవారిలో కూడా చాలామంది బ్రాహ్మణుల పిల్లలు, అంటే కాశ్మీరీ పండితుల బిడ్డలు. వారి ఉద్దేశం ఒక్కటే. ఇంగ్లీషు నేర్చుకోవాలి, పరీక్ష ప్యాసు కావాలి, మహారాజావారి కొలువులో గుమాస్తా ఉద్యోగం సంపాదించాలి.

1890 చివరలో ఆ బడికి ఒక పొట్టి మనిషి వచ్చాడు. పేరు సిసిల్ టిండేల్ బిస్కో. 1863లో ఇంగ్లండులో పుట్టాడు. ఒళ్లు చిన్నది కాబట్టే కేంబ్రిడ్జిలో పడవ పందెపు జట్టుకు చుక్కాని పట్టే పని దొరికింది. 1884లో ఆక్స్‌ఫర్డు మీద గెలిచిన కేంబ్రిడ్జి పడవకు చుక్కాని పట్టింది ఈయనే. తరువాత గురువుగా అభిషేకం పొంది, లండనులో వైట్‌చాపెల్ అనే పేదల పేటలో పనిచేసి, ఆ పైన కాశ్మీరు చేరాడు.

మొదటి రోజు బడి హాలులో ఆయన చూసింది ఏమిటి? సుమారు రెండు వందల మంది కుర్రాళ్లు. మెడ నుంచి మడమల దాకా ఫెరన్ అనే పొడుగాటి వదులు అంగీ. చలికి ఆ అంగీ లోపల కడుపు దగ్గర పెట్టుకున్న నిప్పుల కుంపటి. కదలరు, పరుగెత్తరు. పెద్దింటివాడు నిదానంగా నడవాలి, పనివాడిలాగా చేతులు ఆడించకూడదు అని వారి ఇళ్లలో నేర్పారు. బిస్కో దొరగారు తన పుస్తకాలలో ఆ పిల్లల్ని వర్ణించిన తీరు నాకు నచ్చలేదని ముందే చెబుతున్నాను. అందులో ఏవగింపు ఉంది, పాలించే జాతివాడి గర్వం ఉంది. శతాబ్దాల తరబడి ఎందరో ఏలికల కింద నలిగిన జనం ఒదిగి ఒదిగి ఎందుకు నడుస్తారో ఆయన మొదట్లో ఆలోచించినట్టు కనబడదు. ఈ మాట ఇక్కడ ఉంచి ముందుకు పోదాం, మళ్లీ దీని దగ్గరికి రావాలి.

1891లో ఆయనకు పెండ్లయింది. బొంబాయి నుండి తిరిగి వస్తూ ఒక ఫుట్‌బాలు బంతి తెచ్చాడు. పిల్లలకు చూపించాడు. ఇదేమిటని అడిగారు. ఆట వస్తువు అన్నాడు. దేనితో చేశారని అడిగారు. తోలుతో అన్నాడు. అంతే, అది అపవిత్రం, మేము ముట్టము, తీసుకుపొమ్మన్నారు.

శ్రోతలారా, తోలు పని ఎవరిదో, ఆ పని చేసినవారిని ఊరికి ఎంత దూరంలో ఉంచారో మన ఊళ్లలో ఒకరు చెప్పనక్కరలేదు. ఆ బంతి ఆటకు పదమూడేళ్ల ముందు, 1878లో, మన ఒంగోలు ప్రాంతంలో ఆ తోలు పని చేసుకుని బతికే మాదిగలు వేల సంఖ్యలో సంఘంలో చేరారు. ఒక్క జూలై 3వ తేదీననే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారి పిల్లలు బడిలో పలక పట్టుకోవడానికి ఆరాటపడుతున్న రోజుల్లోనే, కాశ్మీరులో పలక ఉన్న పిల్లలు తోలు బంతి ముట్టుకోవడానికి వణికిపోయారు. ఈ రెండు సంగతులూ ఒకే రోగానికి రెండు వైపులు అని నాకు తోస్తుంది.

ఆ సాయంత్రం ఏమి జరిగింది? దొరగారు పిల్లల్ని మైదానానికి తోలుకుపోయారు. తోలుకుపోయారు అన్న మాట సరిగ్గానే వాడుతున్నాను. పారిపోకుండా ఉపాధ్యాయుల చేత కర్రలు పట్టించి కాపలా పెట్టారు. ఊరి జనం వింత చూడడానికి చేరారు. అంగీలతో, చెక్క పావుకోళ్లతో పిల్లలు బంతిని తన్నడం మొదలుపెట్టారు. కాసేపటికి బంతి ఎగిరి ఒక కుర్రాడి మొహానికి తగిలింది. అందరూ ఆట ఆపి గొల్లుమన్నారు. తోలు తగిలిన తన మొహాన్ని తానే ముట్టుకోలేక ఆ పిల్లవాడు ఏడుస్తూ నిలబడ్డాడు. ఏమి చేయాలి? కాలువకు తీసుకుపోయి కడగండి, కడిగి మళ్లీ ఆటకు రండి అన్నారు దొరగారు. కడిగారు, వచ్చారు, ఆడారు.

ఈ కథను చాలామంది నవ్వుతూ చెబుతారు. నాకు నవ్వు రాదు. ఆ పిల్లవాడు ఆ రాత్రి ఇంటికి వెళ్లి తల్లికి ఏమి చెప్పి ఉంటాడు? వంటింట్లోకి రానిచ్చారా? కర్రతో ఒకరిని ఆట ఆడించవచ్చు. కర్రతో ఒకరి మనస్సును మార్చవచ్చా? కర్ర ఒక్కటే అయ్యుంటే, ఆ కర్ర పక్కకు వెళ్లిన నాడే ఆట ఆగిపోయేది. ఆ సాయంత్రం ఆయన కాస్త కనుమరుగు కాగానే ఆట ఆగింది కూడా. అయినా కొన్నేళ్లకు ఆ ఊళ్లో బడిపిల్లలు తమంతట తామే ఆడారు, ఈదారు, పడవలు నడిపారు. ఎలాగంటారా?

పడవల సంగతి చూడండి. పడవ నడిపేవారిని అక్కడ హాంజీలు అంటారు. వారిని తక్కువగా చూసేవారు. పండితుల పిల్లవాడు తెడ్డు పట్టుకుంటే హాంజీ అయిపోయినట్టే లెక్క. అందుకని మొదటిసారి పడవ ఎక్కిన పిల్లలు తమను ఎవరూ గుర్తుపట్టకుండా మొహాలు కప్పుకున్నారు. ఇక్కడ దొరగారు గట్టు మీద నిలబడి అజమాయిషీ చేయలేదు. ఆయన బతుకంతా పడవలతోనే గడిచింది, కాబట్టి పిల్లలతో పాటు పడవలోకి దిగారు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి. ఆ బడిలోని కాశ్మీరీ ఉపాధ్యాయులు కూడా తెడ్డు పట్టారు. వారిలో చాలామంది పండితులే. దొరకు వచ్చే నష్టం ఏముంది? ఊరు వెలివేస్తుందనే భయం ఆయనకు లేదు. ఈ ఉపాధ్యాయులకు ఉంది. వీధిలో ఎగతాళి పడ్డది వారు, చుట్టాల ఇళ్లలో మాట పడ్డది వారు. చరిత్ర పుస్తకాలు దొర పేరు రాసుకున్నాయి గాని, నన్నడిగితే ఆ బడిని నిలబెట్టింది ఈ అయ్యవార్లే.

ఇక ఈత. నీళ్ల మధ్య ఉన్న ఊరు. ఏటా ఎందరో మునిగిపోయేవారు. గట్టున జనం ఉన్నా దూకి పట్టుకునేవాడు లేడు. ఈత కూడా పెద్దింటివారికి తగదన్న మాటే. దొరగారు ఒక ఉపాయం చేశారు. పదమూడేళ్లు వచ్చినా ఈత రాని పిల్లవాడికి ఫీజు పెంచారు. తండ్రుల జేబు మీద దెబ్బ పడింది, ఇంక పిల్లలు నీళ్లలోకి దిగక ఏమి చేస్తారు! కొన్నాళ్లకు దాల్ సరస్సును ఈది దాటడం ఆ బడిలో ఒక ఆనవాయితీ అయింది. దాదాపు 13 వేల అడుగుల మహాదేవ్ శిఖరం ఎక్కడం కూడా అలాంటిదే. మునిగిపోయేవారిని పైకి లాగిన పిల్లల పేర్లు బడిలో గౌరవంగా చెప్పుకునేవారు. మన బడుల్లో గోడ మీద బోర్డు ఉంటుంది, ఫస్టు క్లాసులు వచ్చినవారి పేర్లతో. ఇంకొకరి ప్రాణం కాపాడినవాడికి మన బోర్డు మీద చోటు ఎక్కడుంది?

1892లో కాశ్మీరులో కలరా వచ్చింది. ఒక్క శ్రీనగరు పట్టణంలోనే ఐదు వేల మందికి పైగా చనిపోయారు. వీధులు మురికి కూపాలు. తాగేదీ ఆ నీళ్లే, కడిగేదీ ఆ నీళ్లే. ఆ రోజుల్లో దొరగారూ అయ్యవార్లూ పారలు పట్టుకుని వీధుల్లోకి దిగి చెత్త ఎత్తారు. కులం పోగొట్టుకున్నారని జనం తిట్టారు. 1893లో ఒక వరద, 1903లో అంతకంటే పెద్ద వరద వచ్చాయి. ఇళ్ల కప్పుల మీద, చెట్ల మీద చిక్కుకున్నవారి దగ్గరికి పడవలు వేసుకుని వెళ్లింది ఈ బడివారే. కట్టెల ఇళ్ల ఊరు కాబట్టి తరచుగా అగ్ని ప్రమాదాలు జరిగేవి. పిల్లలు నీళ్లు మోసుకుని పరుగెత్తేవారు. మోయలేని బరువులు మోస్తున్న గుర్రాలను, గాడిదలను విడిపించడం కూడా వారి పనుల్లో ఒకటి.

ఇన్ని పనులలో నా మనసుకు బాగా తగిలింది ఒకటుంది. నెవే సోదరులనే ఇద్దరు డాక్టర్లు అక్కడ మిషన్ ఆసుపత్రి నడిపేవారు. జబ్బు నుండి కోలుకుంటున్న రోగులను మధ్యాహ్నం పూట పడవల్లో ఎక్కించుకుని దాల్ సరస్సు మీద గాలి పోసుకోవడానికి తిప్పి తీసుకురావడం ఈ పిల్లల పని. ఆ రోగులలో ఎక్కువ మంది పేద ముసల్మానులు, పల్లెటూరి రైతులు. తెడ్డు వేసేది పండితుల పిల్లలు. కొన్నేళ్ల క్రితం మొహం కప్పుకుని పడవ ఎక్కిన బడి ఇదే.

బడిలో పిల్లల గుణగణాల పట్టీ ఒకటి ఉండేది. బుద్ధికి, శరీరానికి, ఆత్మకు వేరువేరుగా మార్కులు. లెక్కల్లో మొదటివాడైనా తోటివాడికి సాయపడకపోతే పట్టీలో కింద ఉంటాడు. తండ్రులకు ఇది నచ్చలేదు. కొలువుకు పనికివచ్చే చదువు చాలు, ఈ బురద పని ఎందుకన్నారు. 1905లో అనీబిసెంటు గారి పూనికతో శ్రీనగరులో హిందూ విద్యాలయం వెలిసింది. కొందరు పిల్లలు అటు వెళ్లిపోయారు. తండ్రులను నేను తప్పు పట్టను. పరాయి మతంవాడు, పైగా చేతిలో కర్ర ఉన్నవాడు, నా కొడుకును ఎటు తీసుకుపోతున్నాడో అని ఏ తండ్రికైనా గుబులుండదా?

విచిత్రం ఏమిటంటే మిషన్ వారు కూడా మెచ్చుకోలేదు. ఇన్నేళ్లయింది, బాప్తిస్మాలు ఎన్ని అని అడిగారు. వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బడి అంటే పడవలు, ఫుట్‌బాలు అయిపోయిందని ఫిర్యాదులు వెళ్లాయి. శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువు పని పిల్లల చేతులు నేర్చుకుంటున్నాయి కదా అన్నది బిస్కో గారి పట్టుదల. ఈ తగవులో ఎవరిది న్యాయం? నేను పాస్టరును, బాప్తిస్మం చిన్న సంగతి అని నా నోటితో అనలేను. కాని మన సంఘాల్లో బాప్తిస్మాల లెక్క పుస్తకం ఉంది, కల్లాలో, కాలువలో ఎవరి చెయ్యి ఎవరికి అందిందో రాసే పుస్తకం లేదు. మనలోనే ఫలానా పేట సంఘం, ఫలానా కులం సంఘం అని ఇప్పటికీ వినబడుతుంటే, ఆ పండితుల పిల్లల ముందు నాకు తల వంగిపోతుంది.

బిస్కో గారు దాదాపు 57 ఏళ్లు అక్కడే ఉన్నారు. బడి శాఖలుగా పెరిగి వెయ్యికి పైగా పిల్లలయ్యారు. ఆడపిల్లలకు కూడా బడి వచ్చింది. ఇందాక ఆయన గర్వం గురించి అన్నాను. ఆ గర్వం ఆయన రాతల్లో చివరి దాకా అక్కడక్కడా కనబడుతూనే ఉంది. కాని పండితుల ఇళ్లలో చిన్నప్పుడే విధవలైన ఆడపిల్లలకు మళ్లీ పెండ్లి చేయాలని పూనుకున్నవారిలో ఆ బడి అయ్యవార్లే ఉన్నారు. దానికి దొర కర్ర అవసరం లేకపోయింది.

1947లో ఆయన కాశ్మీరు విడిచారు. 1949లో ఆఫ్రికాలోని రొడీషియాలో, కొడుకు దగ్గర కన్నుమూశారు. బడి శ్రీనగరులో ఇంకా నడుస్తోంది. దాని గుర్తు అడ్డంగా పెట్టిన రెండు తెడ్లు. కాశ్మీరు తెడ్డు ఆకు గుండె ఆకారంలో ఉంటుంది. గుండె దయకు, కర్ర బలానికి, అడ్డంగా పెట్టడం తన్ను తాను ఇచ్చుకోవడానికి గుర్తు అని పిల్లలకు చెబుతారు. కింద రాసిన మాటకు అర్థం, అన్నిటిలోను మనుషులుగా ఉండండి అని.

సమయం అయిపోయింది శ్రోతలారా. సెలవు తీసుకుంటాను.