కణములోని కొలిమి – రాచపుండు

1981వ సంవత్సరములో “ప్రేమాభిషేకం” చిత్రము విడుదలైనది. దాసరి నారాయణరావుగారి దర్శకత్వములో అక్కినేని నాగేశ్వరరావుగారు నటించిన చిత్రమది. తనకు క్యాన్సర్ ఉన్నదని తెలిసిన నాయకుడు ఆ సంగతి దాచిపెట్టి, ప్రేమించిన యువతిని తననుండి దూరము చేసుకొనుటయే ఆ కథకు ఆయువుపట్టు. తెలుగుదేశము కన్నీరు పెట్టుకొని చూచిన చిత్రము. నేడు జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ కొండలమీద స్థిరపడిన మన చిత్రపరిశ్రమకు ఆ రోజులలో క్యాన్సర్ అనగా తిరుగులేని తీర్పు. తెరమీద వైద్యుడు కళ్ళజోడు తీసి చేత పట్టుకొన్నాడంటే ప్రేక్షకునికి తక్కిన కథ తెలిసిపోయేది.

అదే 1981లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు మానవ కణములోని ఒక చిన్న గ్రంథమును మొదటి అక్షరమునుండి కడపటి అక్షరము వరకు చదివి ప్రకటించినారు. అది మైటోకాండ్రియా అను సూక్ష్మభాగములలో దాగియున్న డి.ఎన్.ఎ. మొత్తము 16,569 అక్షరములు. ఆ సంఘటనకును ఈ చిత్రమునకును పొత్తు కుదరదని తోచవచ్చును. కాని రాచపుండు అని మన పెద్దలు పేరుపెట్టిన ఈ వ్యాధి చరిత్రలో ఈ సూక్ష్మభాగములు నూరేండ్లుగా మరల మరల తలయెత్తుచునే ఉన్నవి. ఆ చరిత్రలో రెండు ముఖ్యమైన అధ్యాయములకు కారకుడు భీమవరములో పుట్టిన తెలుగువాడు.

మైటోకాండ్రియా అనగా ఏమి? కణమును ఒక ఇల్లనుకొన్నచో మైటోకాండ్రియా అందలి కొలిమి. ఎర్ర రక్తకణములలో తప్ప మన దేహములో ఇంచుమించు అన్ని కణములలోను ఈ కొలుములు ఉన్నవి. మనము తిన్న అన్నము చక్కెరగా మారి కణమును చేరును. అక్కడ ఆ చక్కెర రెండు మెట్లలో ఖర్చగును. మొదటి మెట్టులో ప్రాణవాయువుతో పనిలేదు. చక్కెర సగము విరుగును, కొద్దిపాటి శక్తి పుట్టును. రెండవ మెట్టు కొలిమిలో జరుగును. అక్కడ ప్రాణవాయువు సహాయముతో మిగిలినదంతయు దహనమగును. ఈ శక్తిని కణము ఎ.టి.పి. అను పదార్థ రూపములో చెలామణి చేసుకొనును. ఒక్క చక్కెర అణువు మొదటి మెట్టులో నికరముగా 2 ఎ.టి.పి. అణువులనిచ్చిన, రెండు మెట్లూ కలిసి సుమారు 30 ఇచ్చును. బేరమంతయు కొలిమిలోనే ఉన్నదన్నమాట.

1920 తరువాతి సంవత్సరములలో బెర్లినులో ఆటో వార్బర్గ్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకల కంతులను పలుచని ముక్కలుగా కోసి, అవి చక్కెరను ఎట్లు వాడుకొనుచున్నవో కొలిచినాడు. పరుగెత్తునప్పుడు ప్రాణవాయువు చాలక మన కండరములు చక్కెరను సగమే విరిచి లాక్టికామ్లముగా వదలుట సహజము. కాని ఈ కంతిముక్కలు ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్నను అదే పని చేసినవి. సగము కాలిన కట్టెలను వాకిట పారవేసినట్లు లాక్టికామ్లమును కుమ్మరించినవి. కొలిమి చెడిపోవుటయే క్యాన్సరునకు మూలకారణమని వార్బర్గ్ నిర్ణయించినాడు. శ్వాసకు తోడ్పడు ఎంజైమును గూర్చిన కృషికి 1931లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. 1956లో కూడ ఆయన తన క్యాన్సర్ సిద్ధాంతమునే గట్టిగా నొక్కి చెప్పినాడు.

వార్బర్గ్ కంతులను కొలుచుచున్న కాలముననే, అట్లాంటిక్ సముద్రమునకు ఆవలి ఒడ్డున యల్లాప్రగడ సుబ్బారావుగారు మరియొక కొలత పట్టినారు. ఆయన 1895 జనవరి 12న భీమవరములో జన్మించినారు. మదరాసు వైద్యకళాశాలలో చదివినారు. స్ప్రూ అను జీర్ణవ్యాధి వారి సోదరులలో ఇద్దరిని బలిగొన్నది. 1922లో బోస్టను చేరి, హార్వర్డు వైద్యవిద్యాలయములో సైరస్ ఫిస్క్ అను ఆచార్యుని వద్ద పరిశోధనకు కుదిరినారు. రక్తములోను, ధాతువులలోను ఉండు భాస్వరమును నీలివర్ణపు గాఢతనుబట్టి లెక్కించు పద్ధతిని వారిద్దరు 1925లో ప్రకటించినారు. వారి పేర్లతోనే ఆ పద్ధతి నేటికిని ప్రయోగశాలలలో ప్రసిద్ధము.

ఆ కొలతతో కండరమును పరీక్షింపగా 1927లో ఫాస్ఫోక్రియాటిను, 1929లో ఎ.టి.పి. బయటపడినవి. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమాన్ స్వతంత్రముగా ఎ.టి.పి.ని కనుగొన్నాడు. లాక్టికామ్లమే కండరమునకు చలనశక్తి నిచ్చునని అంతవరకు పండితులు నమ్మినారు. ఈ నూతన పదార్థములతో ఆ నమ్మకము సడలినది. కొలిమి దేనికొరకు మండుచున్నదో ఆ నాణెమును కన్నులజూచిన మొదటివారిలో మన సుబ్బారావుగారొకరు.

తరువాత వారి జీవితము వేరొక త్రోవ త్రొక్కినది. 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో ప్రవేశించి, వారి నాయకత్వమున అక్కడి రసాయనికులు 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినారు. సోదరులను మింగిన స్ప్రూ వ్యాధికి ఆ ఫోలిక్ ఆమ్లమే ఔషధముగా పనికివచ్చుట విధి విలాసము. బోస్టనులో పిల్లల వైద్యశాలలో పనిచేయు సిడ్నీ ఫార్బర్, రక్తపు క్యాన్సరుతో ఉన్న పిల్లలకు ఫోలిక్ జాతి పదార్థములిచ్చిన వ్యాధి మరింత విజృంభించుట గమనించినాడు. అట్లయిన దానికి విరోధియైన పదార్థము నిచ్చినచో వ్యాధి తగ్గవలెను గదా! లెడర్లీవారు అట్టి విరోధిని పంపినారు. దాని పేరు అమినోప్టెరిన్. అసలు తాళపుచెవిని పోలియుండి, తాళములో దూరి ఇరుక్కుపోవు దొంగచెవి వంటిది అది. 1948 జూనులో ఫార్బర్ ప్రకటించిన నివేదికలో, 16 మంది పిల్లలకు మందు నీయగా 10 మందిలో వ్యాధి తాత్కాలికముగా వెనుకకు తగ్గినది. అంతకుముందు ఆ పిల్లలకు వైద్యుడు చేయగలిగినది ఏమియు లేకుండెను. అదే సంవత్సరము ఆగస్టులో, 53వ యేట, సుబ్బారావుగారు కన్నుమూసినారు.

అమినోప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేట్ అనంతరము దాని స్థానము నాక్రమించినది. గర్భిణియందలి మావి కణములనుండి పుట్టు ఒక క్యాన్సరును 1956లో అమెరికాలో ఆ మందొక్కటే నయము చేసినది. ఒక గడ్డ క్యాన్సరును కత్తి లేక, కిరణము లేక మందుతోనే మాన్పుట అదే ప్రథమము. నేటికిని పిల్లల రక్తపు క్యాన్సర్ చికిత్సలో మెథోట్రెక్సేట్ ఒక మూలస్తంభము. మంచి వసతులున్న చోట్ల, ఇతర మందులతో కలిపి వాడగా, ఆ పిల్లలలో పదింట తొమ్మిదిమంది బ్రదుకుచున్నారు.

ఇక వార్బర్గ్ సిద్ధాంతము ఏమైనది? ఆయన చూచినది సత్యము. చెప్పిన కారణము పొరపాటు. చాల కంతులలో కొలిమి చల్లారలేదనియు, అవి ప్రాణవాయువును బాగుగానే వాడుకొనుచున్నవనియు 1956లోనే సిడ్నీ వీన్‌హౌస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వాదించినాడు. మరి చక్కెరను వ్యర్థము చేయుట ఎందులకు? ఇల్లు కట్టువాడు ఉన్న కలపనంతటిని పొయ్యిలో పెట్టడు. దూలములకు, తలుపులకు కొంత దాచుకొనును. క్యాన్సర్ కణమునకు వంటకన్న కట్టడమే ముఖ్యము. విరిచిన చక్కెరలో కొంత భాగమును అది కొత్త కణములకు సామగ్రిగా మరల్చుకొనును.

మైటోకాండ్రియాలో సొంత డి.ఎన్.ఎ. ఉన్నదని 1963లో తెలిసినది. అది మనకు తల్లినుండి మాత్రమే సంక్రమించును. కేంద్రకములో సుమారు 20,000 జన్యువులుండగా ఇందు 37 మాత్రమే. అందులోను 13 మాత్రమే మాంసకృత్తులకు సంబంధించినవి. 1998లో అమెరికా శాస్త్రజ్ఞులు పెద్దప్రేగు క్యాన్సరునుండి పెంచిన 10 కణజాతులలో ఏడింట ఈ డి.ఎన్.ఎ.లో మార్పులు కనుగొన్నారు. అయితే అట్టి మార్పులన్నియు వ్యాధికి కారణములు కావు. కొన్ని వ్యాధి వెంట వచ్చిన బాటసారులు. 2015లో న్యూజీలండు శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగము ఇంకను విచిత్రమైనది. మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. లేని క్యాన్సర్ కణములను ఎలుకలలో ప్రవేశపెట్టగా అవి వెంటనే పెరుగలేదు. ఆ ఎలుకల కణములనుండి ఆ డి.ఎన్.ఎ.ను సంపాదించుకొన్న తరువాతనే కంతులైనవి. కొలిమి చెడుట క్యాన్సరునకు మూలమనుకొన్న చోట, కొలిమి లేనిదే క్యాన్సర్ సాగదని తేలినది.

కొలిమిలోని యంత్రములలో ఒకటి చెడి వ్యాధికి దారితీయు సందర్భములును కలవు. వాటికి సూత్రములైన జన్యువులు చాలవరకు కేంద్రకములో ఉన్నవి. 2000లో మెడ ప్రాంతమున వచ్చు ఒక అరుదైన కంతికి, తరువాత ఒక రక్తపు క్యాన్సరుకు అట్టి సంబంధము బయటపడినది. ఆ రక్తపు క్యాన్సరులో చెడిన ఎంజైమును అడ్డగించు ఎనాసిడెనిబ్ అను మందునకు 2017లో అమెరికా ప్రభుత్వపు అనుమతి లభించినది.

ఇచ్చట సుబ్బారావుగారి రెండు త్రోవలు కలిసినవి. ఫోలిక్ ఆమ్లము కర్బనపు చిన్న తునుకలను మోసుకొనిపోయి డి.ఎన్.ఎ. అక్షరముల నిర్మాణమునకు అందించును. ఆ తునుకలను విడదీయు పని చాలవరకు మైటోకాండ్రియాలోనే జరుగును. 2014లో 19 రకముల క్యాన్సర్లను పోల్చిచూచినవారు, ఈ పనిలో పాల్గొను మైటోకాండ్రియా ఎంజైము ఒకటి వాటిలో విశేషముగా పెచ్చుపెరిగియున్నదని కనుగొన్నారు. ఎ.టి.పి. పుట్టుచోటును, ఫోలిక్ ఆమ్లము పనిచేయుచోటును ఒక్కటే. ఒకే మనిషి రెండు దిక్కులనుండి ఆ కొలిమి వాకిట నిలిచినాడు. లోపలికి తొంగిచూచు సాధనములు వారి జీవితకాలమున లేవు.

ఈ విద్య నేడు మన ముంగిటికి వచ్చినది. హైదరాబాదులోని పెద్ద క్యాన్సర్ వైద్యశాలలలో జరుగు పెట్ స్కానుకు ఆధారము వార్బర్గ్ చూచిన ఆ చక్కెర దాహమే. రేడియోధార్మికత గల చక్కెర వంటి పదార్థమును నరములోనికి ఎక్కించినచో, దానిని అత్యాశతో లాగుకొన్న చోటు చిత్రములో వెలుగును.

అయితే సగము తెలిసిన శాస్త్రము అపాయకరము. క్యాన్సర్ చక్కెరను తినుచున్నదట, చక్కెర మానినచో అది మాడిచచ్చునట అను మాట నేడు ఇంటింట వినవచ్చుచున్నది. మనము చక్కెర మానినను దేహము తన కండను కరగించి రక్తములో చక్కెరను నిలబెట్టుకొనును. అది లేనిచో మెదడు పనిచేయదు. కంతికి చక్కెర ఒక్కటే ఆహారమును కాదు. అన్నము మాన్పిన రోగి చిక్కి, మందును తట్టుకొను బలమును కోల్పోవును. పథ్యము వైద్యుడు చెప్పవలసినది. పథ్యము పేర చికిత్సను వాయిదా వేయరాదు.

1955లో హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేర క్యాన్సర్ వైద్యశాల వెలసినది. క్యాన్సరుతో మరణించిన సతీమణి బసవతారకంగారి స్మృతికై నందమూరి తారక రామారావుగారు సంకల్పించిన వైద్యశాల, జూబిలీహిల్స్ పొరుగుననే ఉన్న బంజారాహిల్స్‌లో, 2000 జూనులో ప్రారంభమైనది. 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావుగారు పాత్రికేయులను పిలిచి, తనకు క్యాన్సర్ ఉన్నదని తామే చెప్పినారు. 2014 జనవరి 22న వారు పరమపదించినారు. అన్ని క్యాన్సర్లకు మందు ఇంకను దొరకలేదు. కాని 1981లో తెరమీద నాయకుడు దాచిన మాటను, ఆ పాత్ర ధరించిన నటుడే ముప్పది రెండేండ్ల తరువాత నలుగురిలో పలికినారు. దాచిన వ్యాధిని ఏ శాస్త్రమును కొలువలేదు. కంతి కనిపించిన, కారణము లేక రక్తము పడిన, పుండు మానకున్న, తెలిసిననాడే వైద్యునితో చెప్పుట మన చేతిలోని పని.