మోచేతి కొలత

ఒంగోలులో ఓ పాత డాబా ఇల్లు. పొద్దున ఏడు దాటింది. వంటింటి గుమ్మంలో నిలబడి లోపలికి చూడండి. పోపులపెట్టె, ఊరగాయ జాడీలు, బియ్యం డబ్బా, మిక్సీ అన్నీ నిన్న రాత్రే పెరటి వసారాలోకి చేరిపోయాయి. అక్కడే ఒక బల్ల మీద పొయ్యి పెట్టుకున్నారు. ఇడ్లీ ఆవిరి వాసన అటునుంచి వస్తోంది.

ఖాళీ అయిన గది ఇన్నేళ్లూ సామాన్ల వెనక దాచుకున్నదంతా బయటపెట్టింది. పొయ్యి ఉన్నచోట గోడంతా జిడ్డు. సింకు కింద చెమ్మ పట్టి ప్లాస్టరింగు పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. గట్టు మీద పరిచిన కడప నాపరాయిని అరచేత్తో ఒకసారి తడిమి చూడండి. గోడవైపు నున్నగానే ఉంది. పొయ్యి పక్కకొచ్చేసరికి నలుపు వెలిసి, వేళ్లకి గరుకు తగులుతుంది. అది సున్నపురాయి జాతి. పులుసు ఒలికినప్పుడల్లా, పిండిన నిమ్మచెక్క బోర్లించినప్పుడల్లా ఆ పులుపు రాయిని కాస్త కాస్తగా తినేసింది.

మేస్త్రి జేబులోంచి టేపు తీశాడు. "గట్టు మూడడుగులు పెట్టేద్దామమ్మా. ఏ ఇంట్లోనైనా అంతే."

పాత గట్టు కూడా మూడడుగులే. దాని దగ్గర అత్తగారు ఎలా నిలబడేదో కోడలు ఏళ్ల తరబడి చూస్తూనే ఉంది. ఆవిడ ఐదడుగుల మనిషి. గట్టు ముప్ఫై ఆరంగుళాలు, దానిమీద పొయ్యి మరో నాలుగంగుళాలు, ఆపైన గిన్నె. అన్నం ఉడికిందో లేదో చూడాలంటే మునివేళ్ల మీద లేవాలి. పప్పు ఎనపాలంటే భుజం ఎగదీయాలి. సాయంత్రానికి ఆ భుజం లాగేస్తుంటే వయసు మీదపడిందని సరిపెట్టుకునేది.

"అత్తయ్యా, చెప్పులు విడిచి గోడకి ఆనుకుని నిలబడండి. మోచెయ్యి మడవండి." టేపు ఈసారి కోడలి చేతిలో ఉంది. నేల నుంచి మోచేతి దాకా ముప్ఫై ఏడంగుళాలు. తనది కొలిపించుకుంటే నలభై ఒకటి.

కూరలు తరిగే గట్టు మోచేతికి నాలుగైదు అంగుళాలు దిగువన ఉంటే భుజం దించుకుని పని చేసుకోవచ్చు. పొయ్యి కింద గట్టు అంతకంటే దిగువన ఉండాలి, ఎందుకంటే కలిపే గరిటె గిన్నె అంచు మీదుగా వెళ్తుంది. సింకు దగ్గర లెక్క తిరగబడుతుంది. గిన్నెలు తోమేది తొట్టి అడుగున గనక అంచు ఎత్తుగా ఉంటేనే నడుము వంగదు. ఈ ఇంట్లో పొయ్యి అత్తగారిది. సింకూ, తరుగుడూ కోడలివి. మేస్త్రి పెన్సిలు చెవి మీంచి తీసి గోడ మీద రెండు గీతలు గీశాడు: పొయ్యి దగ్గర ముప్ఫై ఒకటి, సింకు దగ్గర ముప్ఫై ఏడు. మధ్యలో ఆరంగుళాల మెట్టు.

"ఇది ఏ నేల మీంచి కొలిచావు మేస్త్రీ?" అని అడగాల్సిన క్షణం ఇదే. ఇంకా టైలు పడలేదు. కింద మాలు, పైన టైలు కలిస్తే నేల పైకి లేస్తుంది. కొత్త నేల ఎక్కడికొస్తుందో ముందు గోడ మీద గుర్తు పెట్టి, అక్కణ్ణుంచి పైకి కొలవాలి. ఈ ఒక్కటి మరిచిపోతే జాగ్రత్తగా పట్టిన మోచేతి కొలత అంగుళంన్నర తప్పుతుంది. మేస్త్రి పాత గీతలు చెరిపేసి కొత్తవి గీస్తున్నాడు.

ఇంతలో ఇంజినీరొచ్చాడు. వంటింటికీ భోజనాల గదికీ మధ్య గోడ తీసేయాలని ఇంట్లో అందరి కోరిక. ఆయన ముందు గోడ మందం చూశాడు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. తర్వాత నిచ్చెనెక్కి పైన ప్లాస్టరింగు కొంచెం చెక్కించి చూశాడు. స్లాబు బరువు అడ్డదూలం మీద పడి స్తంభాల్లోకి దిగుతోంది. ఈ గోడ గదుల్ని విడదీయడానికి కట్టిందే, బరువు మోసేది కాదు. "ఇది తియ్యొచ్చు. అటువైపున్నది తొమ్మిదంగుళాల గోడ, దాని జోలికి మాత్రం పోవద్దు." ఈ రెండు ముక్కలూ తెలిసినవాళ్ల నోట వినకుండా ఏ ఇంట్లోనూ సుత్తి ఎత్తకూడదు.

ఆయన అడుగులు కూడా లెక్కపెట్టాడు. ఫ్రిజ్ నుంచి సింకుకి, సింకు నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి మళ్లీ ఫ్రిజ్‌కి. వంటింట్లో రోజంతా తిరిగే తిరుగుడు ఈ మూడింటి మధ్యే. ఈ లెక్క కొత్తదేం కాదు. 1926లో ఆస్ట్రియా ఆర్కిటెక్టు మార్గరెటె షుట్టె-లిహోత్‌స్కీ ఇలాగే అడుగులూ నిమిషాలూ లెక్కగట్టి ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు ఇళ్లకి చిన్న వంటగది గీసింది. నేటి మాడ్యులర్ కిచెన్‌కి మూలం అదే. అయితే అందులో ఒక్క మనిషికే చోటు. వండే ఆడమనిషి మిగతా ఇంటికి దూరమైపోతుందన్న విమర్శ దానికి తర్వాత వచ్చింది. మన ఇళ్లలోనూ అదే జరిగింది. ఇంటిల్లిపాదీ టీవీ ముందు కబుర్లాడుతుంటే గోడవతల ఒక్క మనిషి దోసెలు పోస్తూ ఉంటుంది. గోడ తీయడమంటే ఆ మనిషిని మళ్లీ కబుర్లలోకి పిలవడం.

మొత్తం తీసేస్తే మన వంటకి ఇబ్బంది. ఎండుమిరపకాయ పోపు ఘాటు హాల్లో పరుపుల దాకా పోతుంది. అందుకే నడుమెత్తు వరకూ గోడ ఉంచి, పైన ఆరడుగుల వెడల్పున తెరవాలని తేలింది. పక్కకి జరిగే గాజు తలుపొకటి. పోపు వేసేటప్పుడు మూసుకోవచ్చు.

మెయిన్ ఆపారు. గోడలో ఉన్న కరెంటు పైపులు ముందు తప్పించారు. ఇప్పుడు సుత్తి దెబ్బ వినండి. మొదటి దెబ్బకి ప్లాస్టరింగు రాలింది, నాలుగో దెబ్బకి ఒక ఇటుక అటుపక్క పడింది. ఆ కన్నంలోంచి భోజనాల గదిలో కిటికీ వెలుతురు వంటింటి నేల మీద పడింది. పగలు కూడా లైటు వేసుకుని వండిన గది ఇది. వసారాలోంచి అత్తగారు వచ్చి కన్నంలోంచి తొంగిచూసి, "గేటు కూడా కనపడుతోందే" అంది.

రాయి కోసం ఎంతో దూరం పోనక్కర్లేదు. కర్నూలు రోడ్డు పట్టుకుంటే చీమకుర్తి. దేశదేశాలకు ఎగుమతయ్యే బ్లాక్ గెలాక్సీ రాయి పుట్టింది ఇక్కడి నేలలోనే. యార్డులో పలకలు ఏటవాలుగా నిలబెట్టి ఉన్నాయి, రంపాల మీద నీళ్లు ధారగా పడుతున్నాయి. ఒక పలక దగ్గరికెళ్లి ముఖం పక్కకి వంచి చూడండి. నలుపులో రాగిరంగు మెరుపులు కదులుతాయి. అవి బ్రాంజైట్ అనే ఖనిజపు రేకులు. వ్యాపారంలో దీన్ని గ్రానైట్ అంటారు గానీ, భూగర్భ శాస్త్రం లెక్కలో ఇది గాబ్రో జాతి రాయి. పులుపుకి నాపరాయిలా లొంగదు.

కోడలు చేతిసంచీలోంచి నిమ్మకాయ తీసింది. పలక మూల మీద రెండు చుక్కలు పిండి కాసేపాగి తుడిచింది. మచ్చ లేదు. తెల్లగుడ్డని ఎసిటోన్‌తో తడిపి రుద్దింది. గుడ్డకి నలుపు అంటలేదు. నాసిరకం రాయికి నల్లరంగు పట్టించి అమ్మడం ఈ వ్యాపారంలో ఉన్నదే. ఆ తర్వాత వేలి కణుపుతో పొడవునా తట్టుకుంటూ పోయింది. బాగున్న రాయి ఖంగుమంటుంది, లోపల చీలిక ఉన్నచోట శబ్దం మొద్దుబారుతుంది. పక్కనే తెల్లని క్వార్ట్జ్ పలకలు చూడముచ్చటగా ఉన్నాయి. అవి రాతిపొడిని రెసిన్‌తో కలిపి అచ్చు పోసినవి. మరక పీల్చవు గానీ సెగకి ఆగవు. పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెడితే రెసిన్ కమిలిపోతుంది. మూకుడు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దించే వంటిల్లు ఇది. నల్లరాయికే ఓటు.

ఆ క్వార్ట్జ్ గురించి ఇంకో మాట. అందులో సిలికా తొంభై శాతం దాకా ఉంటుంది. పొడిగా కోస్తే లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. ఆ జబ్బుకి నయం చేసే మందు లేదు. అందుకే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి అలాంటి కృత్రిమ రాతిపలకల్ని నిషేధించింది. చీమకుర్తి రాయిలో సిలికా తక్కువే, కానీ ఇటుకలో ఉంది, సిమెంటు మాలులోని ఇసుకలో ఉంది, టైలులో ఉంది. మర్నాడు పెరట్లో కుర్రాడు టైలుకి కట్టర్ ఆనించగానే ముఖం కనపడనంత దుమ్ము లేచింది. మూతికి కట్టుకున్న తువ్వాలు ఆ దుమ్మునేం ఆపుతుంది? "ఆపు నాయనా" అని అత్తగారు పైపు పట్టుకొచ్చి బ్లేడు మీద నీళ్లు వదిలింది. కోడలు మాస్కు తెచ్చిచ్చింది. నీళ్లు పోస్తూ కోస్తే పని కాస్త ఆలస్యం, పెరడంతా బురద. అయినా అలాగే కోయించాలి. మన భుజం నొప్పి తగ్గడానికి ఇంకొకరి ఊపిరి ఖర్చు పెట్టకూడదు.

ఇప్పుడు నేల. పాత బేతంచెర్ల బండలు పెళ్లగించి తీశారు. వంటింట్లో కడిగిన నీళ్లు హాల్లోకి పోకూడదని పాతకాలం వాళ్లు ఈ గదిని అంగుళం పల్లంగా కట్టారు. గది తెరుచుకున్నాక ఆ అంగుళం ముసలికాళ్లకి అడ్డం. రెండు నేలలూ ఒకే మట్టానికి తెచ్చి, సింకు కిందున్న జాలీ వైపు మాత్రం సన్నటి వాలు ఇచ్చారు. మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో టైలూ రబ్బరు సుత్తితో తడుతున్నాడు. రసమట్టంలో బుడగ నడిమికొచ్చి ఆగితేనే పక్క టైలు. డొల్ల చప్పుడు వచ్చినదాన్ని ఊడదీసి మళ్లీ వేశాడు. అలా వదిలేస్తే గ్రైండరు రాయి జారి పడ్డ రోజున పగిలేది అదే. విట్రిఫైడ్ టైలు నీటిని అరశాతం కూడా పీల్చదు కాబట్టి పసుపు మరక పట్టదు. పట్టేది సందుల్లో. సందులకి ఎపాక్సీ నింపించారు. అద్దంలా మెరిసే టైలు దుకాణంలో ఎంత ఊరించినా, నూనె చుక్క పడితే కాలు జారుతుందని గరుకు రకమే తెచ్చారు.

గట్టు మీద రాయి కూర్చుంది. అంచు కింద వేలు పెట్టి చూడండి, పొడవునా సన్నటి గాడి తగులుతుంది. ఒలికిన నీరు అంచు చుట్టి చెక్క తలుపుల మీదికి జారకుండా ఆ గాడి దగ్గరే చుక్కలై రాలిపోతుంది. అడుగున పాదం దూరేంత ఖాళీ వదిలారు. అది లేకపోతే మనిషి గట్టుకి ఎడంగా నిలబడి ముందుకి వంగాలి. సిలిండరు అర తలుపుకి నేల మట్టాన కన్నాలున్నాయి. గ్యాసు గాలికంటే బరువు. లీకైతే కిందికే దిగుతుంది గనక దారి కిందే ఉండాలి. చిమ్నీ గొట్టం ఒకే ఒక్క వంపుతో నేరుగా బయటి గోడలోంచి పోయింది. వంపులు పెరిగినకొద్దీ పీల్చే బలం తగ్గిపోతుంది.

కంటికి నచ్చేవి దుకాణంలో దొరుకుతాయి. ఒంటికి నప్పేవి కొలుచుకుంటే తప్ప దొరకవు. రంగు నచ్చకపోతే నాలుగు రోజులకి కన్ను అలవాటు పడిపోతుంది. తప్పు ఎత్తుకి భుజం ఏనాటికీ అలవాటు పడదు.

పాలు పొంగించారు. నైవేద్యం పరమాన్నం అయ్యాక మొదటి వంట పప్పుచారు. అత్తగారు గాజు తలుపు మూసి, చిమ్నీ వేసి, ఆవాలు వేసింది. చిటపటలాడుతుంటే ఎండుమిరపకాయ, ఇంగువ, కరివేపాకు. పొగ నిట్టనిలువునా పైకి పోతోంది. ఆవిడ మోచేతిని చూడండి, పక్కటెముకలకి ఆనుకునే ఉంది. మడమలు నేల మీదే ఉన్నాయి. గిన్నెలో ఏముందో పైనుంచే కనపడుతోంది. తలుపు పక్కకి జరపగానే అటుపక్క బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటున్న మనవడు, "నానమ్మా, ఏడెనిమిదులెంత?" అని అడిగాడు. "యాభై ఆరు" అంటూనే ఆవిడ గరిటె తిప్పుతోంది.

పక్కింటావిడ చూడటానికి వచ్చింది. రాయిని తడిమింది, తలుపులు తెరిచి మూసింది. "బాగుంది వదినా. మేమూ వేసవిలో మొదలెడదాం అనుకుంటున్నాం. మీది ముప్ఫై ఒకటన్నారుగా, మాకూ అంతే పెట్టమంటా మేస్త్రిని."

"అంతే ఎందుకు పెట్టిస్తావ్? నువ్వు నాకంటే పొడుగు" అని అత్తగారు స్టవ్ కట్టేసి టేపు అందుకుంది. "చెప్పులు విడిచి ఇలా గోడకి నిలబడు."