రక్తదాతలలో ఇనుము లోపం

తరచుగా రక్తాన్ని గాని, ప్లేట్‌లెట్ల వంటి రక్త భాగాలను గాని దానం చేసేవారి శరీరంలో ఇనుము నిల్వలు క్రమంగా తగ్గిపోవడాన్ని రక్తదాతలలో ఇనుము లోపం అంటారు. రక్తహీనత ఏర్పడకముందే ఈ లోపం మొదలవుతుంది.

ఇనుము నిల్వలు

వయోజనుల శరీరంలో సుమారు 3 నుండి 4 గ్రాముల ఇనుము ఉంటుంది. ఇందులో అధిక భాగం ఎర్ర రక్తకణాలలోని హిమోగ్లోబిన్‌లో ఉంటుంది. కొంత భాగం కాలేయం, ఎముక మజ్జ వంటి చోట్ల ఫెరిటిన్ రూపంలో నిల్వ ఉంటుంది. ఋతుస్రావం కారణంగా స్త్రీలలో ఈ నిల్వలు పురుషులలో కంటే తక్కువ.

నష్టం జరిగే విధానం

450 మిల్లీలీటర్ల రక్తంతోపాటు దాత సుమారు 200 నుండి 250 మిల్లీగ్రాముల ఇనుమును కోల్పోతాడు. ఆహారం నుండి శరీరం రోజుకు గ్రహించేది 1 నుండి 2 మిల్లీగ్రాములు మాత్రమే. అందువలన ఈ లోటు భర్తీకి నెలలు పడుతుంది.

అఫెరిసిస్ పద్ధతిలో యంత్రం ప్లేట్‌లెట్లను వేరుచేసి, ఎర్ర రక్తకణాలను తిరిగి దాతకు ఎక్కిస్తుంది. అయితే గొట్టాలలో మిగిలిపోయే రక్తం, పరీక్షలకు తీసే రక్తం దాతకు తిరిగి చేరవు. ఒకసారికి ఈ నష్టం స్వల్పమే. కాని ప్లేట్‌లెట్లను తక్కువ వ్యవధిలో మళ్ళీ మళ్ళీ ఇవ్వవచ్చు కనుక, ఏడాదిలో అనేక పర్యాయాలు ఇచ్చేవారిలో అది పేరుకుపోతుంది.

లక్షణాలు, గుర్తింపు

అలసట, ఏకాగ్రత తగ్గడం, రాత్రివేళ కాళ్ళు కదిలించాలనిపించడం, మంచుగడ్డలు లేదా మట్టి తినాలనే కోరిక దీని లక్షణాలు. కొందరిలో ఏ లక్షణమూ కనిపించదు.

భారతదేశంలో రక్తదాతకు హిమోగ్లోబిన్ కనీసం 12.5 గ్రాములు (100 మిల్లీలీటర్లకు) ఉండాలి. ఈ పరీక్షలో నెగ్గినంత మాత్రాన నిల్వలు నిండుగా ఉన్నాయని చెప్పలేము. నిల్వలు అడుగంటిన తరువాతనే హిమోగ్లోబిన్ తగ్గుతుంది. నిల్వలను తెలిపేది సీరం ఫెరిటిన్ పరీక్ష. ఆరోగ్యవంతులైన వయోజనులలో ఇది మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల కంటే తక్కువైతే ఇనుము లోపంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిగణిస్తుంది.

నివారణ

అమెరికాలో 215 మంది దాతలపై జరిపి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 37.5 మిల్లీగ్రాముల ఇనుము తీసుకున్నవారి నిల్వలు త్వరగా కోలుకున్నాయి. తీసుకోనివారిలో మూడింట రెండు వంతుల మందికి 168 రోజులకు కూడా నిల్వలు పూర్తిగా కోలుకోలేదు.

మాంసం, కాలేయం, ఆకుకూరలు, పప్పుధాన్యాలు ఇనుమునిచ్చే ఆహారాలు. నిమ్మ, ఉసిరి, జామలలోని సి విటమిన్ శాకాహారంలోని ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది. భోజనంతోపాటు తీసుకునే కాఫీ, టీలు దానిని తగ్గిస్తాయి. ఒకసారి కోల్పోయిన ఇనుమును ఆహారం నెమ్మదిగానే పూరిస్తుంది కనుక, తరచుగా దానం చేసేవారు ఫెరిటిన్ పరీక్ష చేయించుకొని, వైద్యుని సలహాపైనే ఇనుము మాత్రలు వాడాలి. అవసరమైతే దానాల మధ్య వ్యవధిని పెంచాలి. దాత ఆరోగ్యంగా ఉన్నప్పుడే దానం ఏళ్ళ తరబడి కొనసాగుతుంది.