పెళ్లి విందుకు పరిమితి: ఆహార వృథాపై భారతీయ చట్టాల చరిత్ర

ఆహార వృథాను చట్టంతో ఆపాలన్న ఆలోచన భారతదేశంలో తిండి ఎక్కువైన రోజుల్లో పుట్టలేదు, బియ్యం దొరకని రోజుల్లో పుట్టింది. 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించడంతో అక్కడి నుంచి రావలసిన బియ్యం ఆగిపోయింది. మరుసటి ఏడాది బెంగాల్ కరువు లక్షల ప్రాణాలు తీసింది. 1943లోనే బొంబాయిలో రేషనింగ్ మొదలై, మద్రాసుతో సహా ఇతర నగరాలకు పాకింది. బ్రిటన్‌లో అప్పటికే 1940 నాటి ఉత్తర్వు ఒకటి తినదగిన పదార్థాన్ని పారేయడాన్ని నేరం చేసింది. పిట్టలకు రొట్టె వేసినందుకు కూడా అక్కడ జరిమానాలు పడ్డాయి. భారతదేశంలోని ప్రభుత్వానికి ప్రతి ఇంటి కంచంలోకీ తొంగిచూసే శక్తి లేదు. దాని చేతికి అందేవి రెండే: ఊరి నుంచి ఊరికి కదిలే ధాన్యం, పదిమందీ కూడే పంక్తి.

ధాన్యాన్నీ విందులనూ అదుపు చేసే అధికారాలు మొదట యుద్ధకాలపు భారత రక్షణ నిబంధనల కింద వచ్చాయి. యుద్ధం ముగిశాక 1946లో నిత్యావసర సరఫరాల తాత్కాలిక అధికారాల చట్టం, 1955లో నిత్యావసర వస్తువుల చట్టం వాటిని కొనసాగించాయి. మధ్యలో ఊగిసలాట తక్కువేమీ కాదు. గాంధీ ఒత్తిడితో 1947 చివర్లో ఆహార నియంత్రణలు సడలించారు, ధరలు మండిపోయేసరికి ఏడాది తిరక్కుండానే మళ్లీ బిగించారు. ఆంధ్ర ప్రాంతం ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉండగా 1952లో ముఖ్యమంత్రి రాజాజీ అక్కడ బియ్యంపై నియంత్రణ ఎత్తేశారు. కేంద్రంలో ఆహార మంత్రి రఫీ అహ్మద్ కిద్వాయ్ అదే దారి పట్టారు.

ఈ చట్టాలేవీ ఇంటి వంటగది జోలికి రాలేదు. రావలసిన అవసరమూ అంతగా లేదు. తెలుగు పల్లెటూళ్లలో అన్నం పారేయడమంటే పాపమనే భావన ఒక్కటే కాదు, మిగిలినదాన్ని వాడుకునే ఏర్పాటంతా పక్కనే ఉండేది. గింజలు గాదెల్లో, గరిసెల్లో, నేలలో తవ్విన పాతర్లలో నిలవ ఉండేవి. పురుగు పట్టకుండా కందులకు, పెసలకు ఆముదం పట్టించేవారు, మధ్యమధ్య వేపాకు వేసేవారు. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోసి ఉంచితే తెల్లారేసరికి చద్దన్నం. కోస్తా ఇళ్లలో గంజి పులియబెట్టే తరవాణి కుండ ఒకటి ప్రత్యేకంగా ఉండేది. ఎక్కువ కాసిన కూరగాయలు ఒరుగులయ్యేవి, పులిసిన మజ్జిగలో ఊరి మిరపకాయలు చల్ల మిరపకాయలయ్యేవి. అన్నం వార్చిన గంజి కొంత తాగడానికి, కొంత బట్టలకు పెట్టడానికి పోగా మిగిలింది కూరగాయల తొక్కలతో, బియ్యం కడిగిన నీళ్లతో కలిసి కుడితి తొట్టిలోకి, అక్కడి నుంచి గేదెల కడుపులోకి చేరేది.

ఈ ఏర్పాటును స్వర్ణయుగంగా చూడడానికి మాత్రం వీల్లేదు. చద్ది ఎవరు తినాలన్నది ఇంట్లో అందరికీ ముందే తెలుసు: చివర్లో తినే ఆడవాళ్లు, పాలేళ్లు, పనివాళ్లు. ఎంగిలి పట్టింపు ఉన్న ఇళ్లలో విస్తట్లో మిగిలినది మరొకరు ముట్టరాదు. అయినా పెద్ద విందుల వెనక ఎంగిలాకుల దిబ్బ దగ్గర ఆకలిగొన్నవాళ్లు కాచుకుని ఉండేవారు. వృథా తక్కువ కావడానికి పొదుపు ఎంత కారణమో, పేదరికమూ కులమూ అంతే కారణం.

రెండో విడత చట్టాలు 1960ల నడుమ వచ్చాయి. 1964-65లో సుమారు 8.9 కోట్ల టన్నులున్న దేశపు ఆహారధాన్యాల దిగుబడి, మరుసటి ఏడు వానలు లేక 7.2 కోట్ల టన్నులకు పడిపోయింది. అమెరికా నుంచి పీఎల్-480 అనే ఆహార సాయ చట్టం కింద వచ్చే గోధుమ ఓడల కోసం ఎదురుచూడవలసి వచ్చింది. 1965లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారానికి ఒక పూట, సోమవారం రాత్రి, భోజనం మానమని దేశాన్ని కోరారు. అది చట్టం కాదు, వినతి మాత్రమే. అయినా చాలా హోటళ్లు ఆ పూట తలుపులు మూశాయి. అదే ఏడాది పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి ప్రఫుల్ల చంద్ర సేన్ ప్రభుత్వం పాలు మిగల్చడానికి ఛానాతో (విరిగిన పాల ముద్దతో) చేసే మిఠాయిలపై నిషేధం పెట్టింది. సందేశ్, రసగుల్లా లేని కలకత్తాను ఊహించుకోవడం కష్టం. ఆ ఉత్తర్వును జనం మెచ్చుకోలేదని వేరే చెప్పనక్కర్లేదు.

అతిథుల నియంత్రణ ఉత్తర్వులు ఈ కాలానివే. అస్సాం 1966లో, రాజస్థాన్ 1972లో ఇలాంటివి తెచ్చాయి. పెళ్లికీ ఇతర శుభకార్యాలకూ ఇంతమందికి మించి భోజనం పెట్టరాదని వాటి సారాంశం. చట్టం చూసింది అతిథుల తలలనే గాని, ఆకులో ఎంత మిగిలిందన్నది కాదు. ఇందులోనే వాటి బలహీనతంతా ఉంది. రెండు వందల మంది శుభ్రంగా తిని లేస్తే నేరం, యాభైమంది సగం సగం వదిలేస్తే నేరం కాదు. పైగా పెళ్లి పందిట్లోకి వచ్చి అతిథులను లెక్కపెట్టవలసిన అధికారి కూడా చాలాసార్లు ఆ విందుకు పిలుపు అందుకున్నవాడే. సరిహద్దుకు అవతల పాకిస్తాన్ ఇంకా కఠినంగా వెళ్లింది. 1997లో పెళ్లి భోజనాలనే నిషేధించింది. తర్వాత అక్కడి పంజాబ్‌లో ఒకే వంటకానికి అనుమతినిచ్చే నియమంగా అది మెత్తబడింది.

హరిత విప్లవం వచ్చి ధాన్యం నిల్వలు పెరగడంతో భారతదేశంలో ఈ ఉత్తర్వులు రద్దు కాకపోయినా అటకెక్కాయి. వృథా వంటపందిరి నుంచి గోదాముకు మారింది. 2001 నాటికి ప్రభుత్వ నిల్వలు అవసరానికి రెట్టింపుకు పైగా పేరుకున్నాయి. అదే సమయంలో రాజస్థాన్‌లో జనం పస్తులుంటున్నారని పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టుకెక్కింది. ఆ కేసులోనే 2010 ఆగస్టులో కోర్టు, గోదాముల్లో కుళ్లబెట్టే బదులు ధాన్యాన్ని ఆకలిగొన్నవారికి ఉచితంగా పంచమంది. అప్పటి ఆహార మంత్రి శరద్ పవార్ దాన్ని సలహాగా తీసుకుంటే, అది సలహా కాదు, ఆదేశమని నెలాఖరున కోర్టు మళ్లీ చెప్పవలసి వచ్చింది.

పెళ్లిళ్లలోనూ ఈలోగా వడ్డన మారిపోయింది. బంతి భోజనంలో వడ్డించేవాడు అడిగి వేసేవాడు, వద్దంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే చాలు. కొసరి కొసరి వడ్డించే మర్యాద వల్ల అక్కడా కొంత పోయేది, నిజమే. కాని బఫేలో ముప్పై రకాలు వరసగా కనిపిస్తే ప్లేటు నిండేది ఆకలితో కాదు, కుతూహలంతో. 2017లో జమ్మూకాశ్మీర్ ప్రభుత్వం పాత తలల లెక్కతో పాటు వంటకాల లెక్క కూడా పెట్టింది: కూతురి పెళ్లికి 500 మంది, కొడుకు పెళ్లికి 400 మంది, ప్రధాన వంటకాలు ఏడుకు మించకుండా, తీపి రెండుకు మించకుండా. అదే ఏడాది హోటళ్లలో వడ్డించే పరిమాణాన్ని నిర్ణయించే ఆలోచన ఉందని కేంద్ర మంత్రి రామ్ విలాస్ పాశ్వాన్ అన్నారు. హోటల్ యజమానులు గగ్గోలు పెట్టాక అది మాటగానే మిగిలింది.

చట్టం చూపు అతిథి నుంచి మిగులు మీదికి మళ్లడానికి బయటి ఉదాహరణలు తోడ్పడ్డాయి. ఫ్రాన్స్ 2016లో 400 చదరపు మీటర్లు దాటిన సూపర్ మార్కెట్లు అమ్ముడుపోని తినదగిన సరుకును పాడుచేయరాదని, సేవా సంస్థలతో ఒప్పందం చేసుకోవాలని చట్టం చేసింది. అదే ఏడాది ఇటలీ జరిమానాల జోలికి పోకుండా, దానం చేసేవారికి కాగితాల పని తగ్గించి, పన్ను ఊరటనిచ్చింది. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లో తెచ్చిన మిగులు ఆహారం సేకరణ, పంపిణీ నిబంధనలు ఇటలీ దారికే దగ్గర. దానం చేసి తీరాలని అవి ఎవరినీ బలవంతపెట్టవు. ఇచ్చేవారూ పంచేవారూ శుభ్రత ఎలా పాటించాలో, ఏ లెక్కలు రాసుకోవాలో చెబుతాయి. పెళ్లి మండపాలు, హోటళ్లు మిగిలిన అన్నం ఇవ్వడానికి వెనకాడేది తిన్నవారికి ఏమైనా అయితే తమ మెడకు చుట్టుకుంటుందన్న భయంతో. ఆ భయానికి జవాబివ్వని నిబంధన ఎంత మంచిదైనా కాగితం దాటదు.

ఇక తినడానికి పనికిరానిదానికి కుడితి తొట్టి లేని నగరంలో మరో దారి కావలసి వచ్చింది. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి చెత్తను పొడి చెత్త నుంచి ఇంట్లోనే వేరు చేయాలన్నాయి. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో అమ్ముడుపోని, నలిగిపోయిన కూరగాయలను పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్-ఐఐసీటీ సాంకేతికతతో బయోగ్యాస్‌గా మార్చే ప్లాంటు పెట్టారు. రోజుకు దాదాపు 10 టన్నుల వ్యర్థం నుంచి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు, 30 కిలోల గ్యాసు వస్తాయి. మార్కెట్ దీపాలు ఆ విద్యుత్తుతో వెలుగుతాయి, గ్యాసు అక్కడి క్యాంటీన్ వంటకు వెళుతుంది.