టర్కీ ఆవిరి రైలింజన్లు: రూపకల్పన, సేవ, స్వావలంబన - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
టర్కీ ప్రభుత్వ రైల్వే నడిపిన ఆవిరి ఇంజన్లలో దాదాపు అన్నీ ఇతర దేశాల కర్మాగారాల నుండి వచ్చినవే. 1961లో ఆ దేశం స్వయంగా నిర్మించుకున్న ‘కరాకుర్ట్’, ‘బోజ్‌కుర్ట్’ అనే రెండు ఇంజన్లు ఇందుకు మినహాయింపు. ఒక యంత్రాన్ని “మనది” అనడానికి కొలమానం ఏమిటన్న ప్రశ్నను ఈ ఇంజన్ల చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: టర్కీ, రైల్వే, ఆవిరి ఇంజను, ఎస్కిషెహిర్, కరాకుర్ట్, స్వావలంబన.

1. ఉపోద్ఘాతం:
ఒట్టోమన్ సామ్రాజ్యంలో రైలుమార్గాలు విదేశీ కంపెనీల పెట్టుబడితో మొదలయ్యాయి. ఇజ్మీర్ నుండి ఆయ్‌దిన్‌కు మార్గం వేయడానికి 1856లో ఒక బ్రిటిష్ కంపెనీ అనుమతి పొందింది. 1888లో జర్మన్ పెట్టుబడితో అనతోలియా రైల్వే ఏర్పడి, 1892 నాటికి అంకారాను చేరింది. కంపెనీ ఏ దేశానిదైతే ఇంజన్లు కూడా ప్రధానంగా ఆ దేశానివే. 1923లో గణతంత్రం ఏర్పడిన తరువాత ప్రభుత్వం ఈ మార్గాలను ఒక్కొక్కటిగా కొనుగోలు చేసింది. దానితో వేర్వేరు దేశాల, వేర్వేరు కాలాల ఇంజన్లు ఒకే యాజమాన్యం కిందికి వచ్చాయి.

2. సంఖ్యలో దాగిన రూపకల్పన:
ఈ వైవిధ్యాన్ని క్రమబద్ధం చేయడానికి టర్కీ రైల్వే అనుసరించిన సంఖ్యావిధానం గమనించదగినది. ఇంజను సంఖ్యలో మొదటి అంకె ఆవిరిశక్తితో తిరిగే చోదక ఇరుసులను, రెండవ అంకె మొత్తం ఇరుసులను తెలుపుతుంది. ‘56’తో మొదలైన ఇంజనుకు ఆరు ఇరుసులుంటాయి, వాటిలో అయిదు చోదక ఇరుసులు. ‘46’ అయితే ఆరింటిలో నాలుగు. తయారుచేసిన దేశం పేరు ఈ సంఖ్యలో కనిపించదు, ఇంజను చేయగల పని మాత్రమే కనిపిస్తుంది.

అయిదు చోదక ఇరుసుల ఇంజన్లకు టర్కీలో ప్రాధాన్యం లభించడానికి కారణం భూస్వరూపం. మర్మరా తీరం నుండి సకార్య లోయ మీదుగా ఎస్కిషెహిర్ పీఠభూమికి ఎక్కే మార్గంలో బిలెజిక్ వద్ద వెయ్యి మీటర్లకు 25 మీటర్ల ఎత్తు పెరిగే వాలు ఉంది. రైలు 1930లో సివాస్‌ను, 1939లో ఎర్జురుమ్‌ను చేరడంతో కొండమార్గాలు మరింత పెరిగాయి. వాలు ఎక్కేటప్పుడు చక్రం జారకుండా ఉండాలంటే చోదక చక్రాలపై తగినంత బరువు పడాలి. అయితే ఒక్క ఇరుసుపైనే అధిక భారం మోపితే పట్టాలు తట్టుకోలేవు. ఆ భారాన్ని అయిదు ఇరుసులకు పంచడం ఈ రెండు అవసరాలనూ తీర్చింది. చిన్న చక్రాల వల్ల వేగం తగ్గినా, సరకు రవాణాకు లాగే బలమే ముఖ్యం.

ఈ అవసరానికి 1937 నుండి వచ్చిన 56001 తరగతి చక్కని ఉదాహరణ. దీని తయారీ జర్మనీలో హెన్షెల్, క్రుప్ సంస్థలతో ప్రారంభమైంది. యుద్ధానంతరం అదే తరగతికి చెందిన ఇంజన్లను బ్రిటన్‌లోని బేయర్ పీకాక్ సంస్థ కూడా నిర్మించింది. గీసిన చేయి జర్మనీది, నిర్మించిన చేతులు ఒకటికి మించిన దేశాలవి, అవసరం మాత్రం టర్కీది.

3. యుద్ధకాలపు ఇంజన్లు:
రెండవ ప్రపంచయుద్ధంలో టర్కీ 1945 ఫిబ్రవరి వరకు తటస్థంగా ఉంది. ఉక్కు పరిశ్రమకు కీలకమైన క్రోమియం ఖనిజం టర్కీలో ఉండటంతో రెండు పక్షాలూ ఆ దేశాన్ని మచ్చిక చేసుకోజూశాయి. స్టానియర్ రూపొందించిన ‘8ఎఫ్’ తరగతి ఇంజన్లు బ్రిటన్ నుండి వచ్చాయి. వాటిలో కొన్ని దారిలోనే సముద్రంలో మునిగిపోగా, 20 ఇంజన్లు టర్కీలో సేవ చేశాయి. వీటికి ‘చర్చిల్’ అనే ముద్దుపేరు స్థిరపడింది. జర్మనీ నుండి యుద్ధకాలపు నిరాడంబర నిర్మాణమైన ‘52’ తరగతి ఇంజన్లు వచ్చాయి. ఐరోపాలో పరస్పరం తలపడుతున్న రెండు దేశాల ఇంజన్లు టర్కీలో ఒకే రైల్వేకు సేవ చేశాయి. యుద్ధం ముగిశాక 1947-49 మధ్య అమెరికాలోని పెన్సిల్వేనియా నుండి వల్కన్ ఐరన్ వర్క్స్ నిర్మించిన 88 ఇంజన్లు చేరాయి. బాయిలరు పైభాగాన సాగిన తొడుగు కారణంగా వీటిని ‘స్కైలైనర్’ అని పిలిచారు.

4. మరమ్మతు నుండి నిర్మాణానికి:
ఇన్ని దేశాల యంత్రాలను నడకలో ఉంచిన భారం ప్రధానంగా స్థానిక కర్మాగారాలది. ఎస్కిషెహిర్ కర్మాగారాన్ని 1894లో జర్మన్ల ఆధ్వర్యంలోని అనతోలియా రైల్వే మరమ్మతుల కోసం స్థాపించింది. సివాస్ కర్మాగారం 1939లో గణతంత్ర ప్రభుత్వం చేతుల మీదుగా ప్రారంభమైంది. పాతబడిన ఇంజనుకు విడిభాగం విదేశం నుండి వచ్చేదాకా రైలు ఆగదు కనుక, ఆ భాగాన్ని ఇక్కడే చేయగల నైపుణ్యం ఈ కర్మాగారాలకు అవసరమైంది. దశాబ్దాల మరమ్మతే ఇక్కడి కార్మికులకు పాఠశాల అయింది.

ప్రధాని అద్నాన్ మెందెరెస్ 1957లో ఎస్కిషెహిర్‌ను సందర్శించినప్పుడు, అంకారా ఉద్యానవనం కోసం అక్కడ తయారైన చిన్న రైలును చూసి, పెద్దదాన్నీ చేయగలరా అని అడిగినట్లు ఆ కర్మాగారం చరిత్ర చెబుతుంది. 1961 ఏప్రిల్ 4న ‘కరాకుర్ట్’ సిద్ధమైంది. దాని శక్తి 1915 అశ్వశక్తి, బరువు 97 టన్నులు, గరిష్ఠ వేగం గంటకు 70 కిలోమీటర్లు. అదే సంవత్సరం సివాస్ కర్మాగారం ‘బోజ్‌కుర్ట్’ను నిర్మించింది. ‘నల్లని తోడేలు’, ‘బూడిదరంగు తోడేలు’ అన్న అర్థాలనిచ్చే ఈ పేర్లు తుర్కుల మూలపురాణగాథలోని తోడేలును స్ఫురింపజేస్తాయి.

అయితే ఆ ప్రశ్న అడిగిన ప్రధాని 1960 మే 27 సైనిక తిరుగుబాటులో పదవి కోల్పోయాడు. ఇంజను పూర్తయ్యేనాటికి విచారణను ఎదుర్కొంటున్నాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఉరితీయబడ్డాడు. ప్రభుత్వం మారినా పని ఆగలేదు. ప్రపంచం అప్పటికే డీజిలు, విద్యుత్ ఇంజన్ల వైపు మరలుతుండటంతో కరాకుర్ట్ 1976లో విరమించింది. రెండు తోడేళ్లకూ సంతతి లేదు.

5. ముగింపు:
కాలం చెల్లుతున్న యంత్రాన్ని నిర్మించడం వృథాప్రయాస అనే విమర్శకు అవకాశం ఉంది. సంఖ్యాపరంగా చూస్తే ఆ విమర్శ న్యాయమే. కాని 1961లోనే ‘దెవ్‌రిమ్’ అనే కారును నిర్మించినది, తరువాతి దశాబ్దాల్లో డీజిలు ఇంజన్ల తయారీకి కేంద్రమైనది ఎస్కిషెహిర్ కర్మాగారమే. ఇంజను సేవ ముగిసినా దానిని చేయగలమన్న నమ్మకం మిగిలింది. కరాకుర్ట్ ఒక్కటే టర్కీ ఇంజను అనుకోవడం ఎంత అసంపూర్ణమో, విదేశీ ఇంజన్లను పరాయివిగా మాత్రమే చూడటమూ అంతే అసంపూర్ణం. ‘చర్చిల్’ను, ‘స్కైలైనర్’ను దశాబ్దాల పాటు కొండలెక్కించినది అక్కడి డ్రైవర్లు, ఫైర్‌మన్లు, ఫిట్టర్ల శ్రమ. సెల్చుక్ సమీపంలోని చమ్లిక్ ప్రదర్శనశాలలో నేడు పలు దేశాల ఇంజన్లు ఒకే ఆవరణలో నిలిచి ఉన్నాయి. యంత్రం పుట్టుక ఫలకం మీద కనిపిస్తుంది, దానిని బ్రతికించిన చేతులు కనిపించవు. సాంకేతిక చరిత్ర రచనలో ఆ చేతులకూ చోటు దక్కాలి.